మెనూకి అందం ఎప్పుడు అద్దాలి?

నందిగామ వైపు పత్తో మిర్చో వేసే రైతు పంట రుణం కోసం బ్యాంకుకి వెళ్లేముందు పొలం కాగితాలు ఒకసారి సరిచూసుకుంటాడు. హక్కు వివరాలుండే వన్‌-బీలో పేరు, విస్తీర్ణం సరిగ్గా ఉన్నాయా, సాగు వివరాలుండే అడంగల్లో సర్వే నంబరు సరిపోయిందా అన్నది ముందే తెలిస్తే మంచిది. 2015లో భూమి రికార్డులు చూపే ప్రభుత్వ మీభూమి వెబ్‌సైటు వచ్చాక ఇందుకోసం తహసీల్దారు ఆఫీసు దాకా పోనక్కర్లేదు. అడంగల్ కావాలో వన్‌-బీ కావాలో ఎంచుకుని, జిల్లా, మండలం, గ్రామం చెప్పి, సర్వే నంబరో ఖాతా నంబరో కొడితే వివరాలు ఫోన్లోనే కనిపిస్తాయి. అయినా చక్కగా చదవగలిగినవాళ్లు కూడా చాలామంది మీసేవ సెంటరుకే వెళ్తారు, లేదా హైదరాబాదులో ఉన్న కొడుక్కి ఫోన్ చేస్తారు. ఎక్కడ నొక్కాలో తెలియకపోవడమే వాళ్లకి అడ్డు.

ఎక్కడ నొక్కాలో చెప్పే ఏర్పాటునే వెబ్‌సైటు తయారుచేసేవాళ్లు నావిగేషన్ అంటారు. పైన ఉండే మెనూ, లోపలి పేజీలకు లింకులు, ఇప్పుడు ఏ పేజీలో ఉన్నామో తెలిపే గుర్తు, వెనక్కి వచ్చే దారి, అన్నీ దాని కిందికే వస్తాయి. అది చూడటానికి బాగుండాలా, వాడటానికి వీలుగా ఉండాలా అని అడిగితే రెండూ అనే ఎవరైనా అంటారు. చిక్కల్లా ఆ రెండూ తగువు పడ్డప్పుడు దేనికి ముందు చోటివ్వాలి అన్న దగ్గర వస్తుంది.

అందాన్ని తక్కువ చేయడానికి లేదు. 1995లో జపాన్‌లో మసాకి కురొసు, కవొరి కషిమురా అనే ఇద్దరు పరిశోధకులు ఏటీఎం తెర మీద బటన్లను 26 రకాలుగా అమర్చి 252 మందికి చూపించారు. ఏది అందంగా ఉంది, ఏది వాడటానికి తేలికగా అనిపిస్తోంది అని అడిగారు. అందంగా కనిపించినవే జనానికి తేలికగానూ తోచాయి. నిజంగా ఎంత తేలిక అన్నదానికీ, ఎంత తేలికగా తోచింది అన్నదానికీ ఉన్న సంబంధం అంతకన్నా తక్కువ. ఇందులో మంచీ ఉంది, ప్రమాదమూ ఉంది. తెర చక్కగా ఉంటే కొత్తవాళ్లకి బెరుకు పోతుంది, ఇంకాస్త ఓపిగ్గా వెతుకుతారు. కానీ "ఎలా ఉందండీ?" అని అడిగి, "బాగుంది" అన్న జవాబు విని పని పూర్తయిందనుకుంటే మోసపోతాం. ఆ మాట రంగుల గురించే కావచ్చు.

తగువు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఫోను తెర మీద. చోటు చాలదని మెనూ మొత్తాన్ని మూడు అడ్డగీతల వెనక దాచేయడం అలవాటైంది. ఆ గుర్తుని 1981 నాటి జిరాక్స్ స్టార్ కంప్యూటరు కోసం నార్మ్ కాక్స్ గీశాడు. నొక్కితే వచ్చే జాబితాలోని వరుసల్లాగే ఆ గీతలూ కనిపించాలని ఆయన ఉద్దేశం. పేజీ శుభ్రంగా ఉంటుంది, నిజమే. కానీ మెనూని దాచేస్తే లోపల ఉన్నవి జనానికి దొరకడం దాదాపు సగానికి పడిపోతుందని వెబ్‌సైట్ల వాడకాన్ని పరిశోధించే నీల్సన్ నార్మన్ గ్రూప్ 2016లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. "నాన్నా, పైన మూడు గీతలు ఉంటాయి చూడు" అని ఫోన్లో చెప్పాల్సి వచ్చిందంటే ఆ గుర్తు తన పని తాను చేయలేదన్నమాటే. నన్నడిగితే, ఎక్కువమంది వెతుక్కుంటూ వచ్చే మూడు నాలుగు పనుల్ని మాటల్లో రాసి తెర మీదే ఉంచాలి. మిగతావి గీతల వెనక్కి పోవచ్చు, ఆ గీతల పక్కన కూడా "మెనూ" అని రాయాలి. ఆ రెండక్షరాలతో పేజీ అందమేమీ చెడదు. పల్లెవెలుగు బస్సుకి ఎంత మంచి రంగు వేసినా ముందు బోర్డు మీద వత్సవాయి అని లేకపోతే వత్సవాయి వాళ్లు ఎక్కరు.

జాబితాలో ఏ పేరు ఎక్కడ ఉండాలి, ఏ వరుసలో ఉండాలి అన్నది ఇంకా ముఖ్యం, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. జగ్గయ్యపేట, నందిగామ కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి, నందిగామ కొత్తగా రెవెన్యూ డివిజన్ అయింది. పుట్టినప్పటి నుంచి కృష్ణా జిల్లా అని చెప్పుకున్న మనిషి జాబితా తెరవగానే కృష్ణా కోసమే వెతుకుతాడు. అది కనిపించి, నొక్కాక అందులో తన మండలం లేకపోతే సైటు చెడిపోయిందనుకుంటాడు. పాత జిల్లా పేరు కింద "నందిగామ, జగ్గయ్యపేట వైపు వాళ్లు ఎన్టీఆర్ జిల్లా ఎంచుకోండి" అని ఒక్క వాక్యం పెడితే ఈ తిరుగుడు తప్పుతుంది. పేర్లు తెలుగులో ఉండి వరుస మాత్రం ఇంగ్లిషు అక్షరాలదైతే ఇంకో తిప్పలు. తెలుగు వరుసలో ఎన్టీఆర్ ఏలూరుకి ముందు రావాలి, ఇంగ్లిషు వరుసలో నంద్యాల దాటాక వస్తుంది. తెలుగులో కంచికచర్ల తర్వాత చందర్లపాడు రావాలి, ఇంగ్లిషు లెక్కలో చందర్లపాడు, జగ్గయ్యపేట రెండూ అయ్యాకే కంచికచర్ల. చూడటానికి జాబితా ఎంత తీరుగా ఉన్నా, చదివేవాడి వరుసలో లేకపోతే అది చిందరవందరగా ఉన్నట్టే లెక్క.

తెలుగు లిపి దగ్గర అందమూ సౌకర్యమూ ఒక్కటే అవుతాయి. చాలా సైట్ల మూస ఇంగ్లిషు అక్షరాల ఎత్తుకి కుదిర్చింది. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి, కింద వత్తు కావాలి. బటను ఎత్తు చాలకపోతే కింది భాగం తెగిపోతుంది. జగ్గయ్యపేటలో గ వత్తూ య వత్తూ పోతే మిగిలేది జగయపేట. పెనుగంచిప్రోలు, వత్సవాయి, కంచికచర్ల పేర్లకీ అదే గతి. దీనికి అందరూ చేసే పని అక్షరాల సైజు తగ్గించడం. అది సరైన మందు కాదు. వరుసల మధ్య ఎడం పెంచాలి, మాటలు తగ్గించాలి. "భూమి రికార్డుల వివరములను వీక్షించుటకు" అని చిన్న అక్షరాల్లో రాసేకన్నా "నా అడంగల్" అని పెద్దగా రాస్తే చోటూ మిగులుతుంది, అర్థమూ వెంటనే తెలుస్తుంది. లిపికి ఊపిరాడేంత జాగా ఇచ్చిన పేజీ తనంత తానే అందంగా ఉంటుంది.

రంగుకి, సైజుకి లెక్కలున్నాయి. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ సౌలభ్య ప్రమాణాలు చెబుతాయి. తెల్ల పేజీ మీద లేత బూడిద రంగు మాటలు ఆఫీసు గదిలో సొగసుగా ఉంటాయి, పొలం గట్టు మీద ఎండలో కనిపించవు. నొక్కే చోటు సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలన్నది ఆండ్రాయిడ్ సూచన. మౌసు ఆనిస్తే తెరుచుకునే మెనూలకి ఫోన్లో అర్థమే లేదు.

2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఏర్పాటు మన మిత్రని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అది వాట్సాప్‌లో నడుస్తుంది కాబట్టి రంగులు, అక్షరాలు చాలావరకు వాట్సాప్‌వే. తయారుచేసేవాళ్ల చేతిలో ప్రధానంగా మిగిలేవి సేవల పేర్లు, వాటిని గుంపులుగా విడదీయడం, ఏది ముందు ఏది వెనక అన్నది. వెబ్‌సైటు చేసేవాళ్లు కూడా పని అక్కడి నుంచే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. రంగులేమీ లేకుండా ఉత్త మాటలతో మెనూ కట్టి, చందర్లపాడులోనో చిల్లకల్లులోనో నలుగురైదుగురి చేతికి ఫోనిచ్చి, "మీ వన్‌-బీ తీయండి" అని చెప్పి ఊరుకోవాలి. మధ్యలో సాయం చేయకూడదు. మొదట వేలు ఎటు పోయింది, ఏ మాట దగ్గర ఆగింది, గ్రామం తప్పుగా ఎంచుకుని వెనక్కి వస్తే జిల్లా, మండలం అలాగే ఉన్నాయా, మళ్లీ మొదటి నుంచి ఎంచుకోవాల్సి వచ్చిందా అన్నవి రాసుకోవాలి. ఆ తప్పులు దిద్దాకే రంగులు వేసే మనిషిని పిలవాలి. రంగులు వేశాక అదే పరీక్ష మళ్లీ పెట్టాలి, ఈసారి ఇంతకుముందు చూడనివాళ్లతో, ఆరుబయట ఎండలో.