మీకు తెలుసా? గులకరాళ్లు పోయాయి, ఊరూ పోయింది

ఇంగ్లండ్‌లోని డెవన్ తీరాన, కొండకీ కడలికీ మధ్య ఇరుకైన రాతి అరుగు మీద హాల్‌సాండ్స్ అనే చిన్న బెస్తపల్లె ఉండేది. 1891లో 37 ఇళ్లు, 159 మంది. ఇళ్ల ముందు పరుచుకున్న గులకరాళ్లే ఆ ఊరికి కరకట్ట. డెవన్‌పోర్ట్ నౌకాదళ రేవు విస్తరణకు కాంక్రీటు కావాలని 1897 నుంచి ఆ గులకను తవ్వి ఓడలకెత్తారు. సముద్రమే మళ్లీ తెచ్చి పోస్తుందన్నారు. పోయలేదు! ఊరివాళ్లు గగ్గోలు పెడితే 1902లో తవ్వకం ఆగింది గానీ, అప్పటికే తీరం అడుగుల లెక్కన దిగిపోయింది. 1917 జనవరి 26న తూర్పుగాలి తుపాను, పోటు కలిసి ఊరి మీద పడ్డాయి. అదృష్టం, ఎవరూ చనిపోలేదు. కాపురానికి పనికొచ్చే ఇల్లు మాత్రం ఒక్కటే మిగిలింది. అందులో ఒకావిడ 1964లో కన్నుమూసేదాకా అక్కడే ఉంది.