తెరమీద మూడు క్షణాల కారు

2020 మార్చి నెలాఖరున దేశమంతా ఇండ్లకే పరిమితమైన రోజులలో దూరదర్శన్ తన పాత ధారావాహికలను తిరిగి ప్రసారం చేసినది. ‘రామాయణ్’తోపాటు, బాసు ఛటర్జీ దర్శకత్వంలో 1993లో తొలిసారి వచ్చిన ‘బ్యోమ్‌కేశ్ బక్షీ’ కూడ ఇంటింటా మరల కనిపించినది. అది మొదలు పాత ధారావాహికలను వెదకి చూచే అలవాటు చాల ఇండ్లలో నిలిచిపోయినది.

జగదల్‌పూర్‌లో అటువంటి ఒక ఇంటిని ఊహించుకొందము. ఓరుగల్లు కాకతీయుల వంశస్థులమని చెప్పుకొన్న రాజులు ఏలిన పట్టణమది. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం మీద విశాఖపట్నంతో ముడిపడిన ఊరు. అక్కడ తెలుగు మాట కొత్త కాదు. తెరమీద దేశ విభజన నాటి కథ నడుస్తున్నది. ఒక కారు మలుపు తిరిగి, మూడు క్షణాలలో మాయమైనది.

“తాతయ్యా, అది అంబాసడరే కదా?” అన్నాడు మనుమడు.

“కాదురా. అంబాసడరు అప్పటికి పుట్టనేలేదు. అది ల్యాండ్‌మాస్టరు. నేను డ్రైవింగు నేర్చుకొన్నది దానిమీదనే!”

తాతగారి మాటలో సగమే నిజమున్నది. అంబాసడరు వచ్చినది 1957–58 ప్రాంతంలో. కాని ల్యాండ్‌మాస్టరు సైతం 1954 నాటిదే. కథ జరిగినది 1947లో. ఆ కారు రెంటిలో ఏదైనప్పటికీ, కథ చెప్పే సంవత్సరము, కారు చెప్పే సంవత్సరము కలియుట లేదు. నటులకు వేషం వేయవచ్చును, గోడలకు రంగు మార్చవచ్చును. ఇనుముతో పోతపోసిన కారు మాత్రం తన వయస్సును దాచుకొనలేదు.

ఆనవాళ్ళు ఎక్కడ?

తెరమీద కారును గుర్తించదలచినవారు మొట్టమొదట దాని పేరు వెదకరాదు, కాలము వెదకవలెను. హెడ్‌లైట్లు మడ్‌గార్డుల నుండి విడిగా, కాడలపై నిలిచి ఉన్నచో ఆ బండి సాధారణంగా 1930ల నాటిది, లేదా అంతకు ముందుది. అవి మడ్‌గార్డులలో ఒదిగిపోయినచో తరువాతిది. ముందు అద్దం నడుమ కమ్మీతో రెండు ముక్కలుగా ఉండుట, తలుపుల క్రింద పొడవైన ఫుట్‌బోర్డు ఉండుట పాత పద్ధతులు. 1950లు వచ్చేసరికి ఇవి అరుదైనవి. మలుపు తిరిగేటప్పుడు తలుపు ప్రక్కనుండి చిన్న చేయివంటి సూచిక పైకి లేచినచో, మిణుకుమనే దీపాలు స్థిరపడక పూర్వపు కారని గ్రహించవచ్చును.

కాలము తేలిన పిమ్మట పేరు. మన దేశపు వీథులలో ఈ పని కొంత సులభము. 1928లో జనరల్ మోటార్స్ సంస్థ బొంబాయిలో కార్లను బిగించుట ప్రారంభించినది. కనుక 1930ల కథలో షెవ్రొలె కనిపించుట సహజము. హిందూస్థాన్ మోటార్స్ 1942లోను, ప్రీమియర్ 1944లోను స్థాపితమైనవి. స్వాతంత్ర్యానంతరం కొన్ని దశాబ్దాలపాటు మన రోడ్లమీద తిరిగిన కార్లలో అధిక భాగం ఈ రెండు సంస్థలవే.

ల్యాండ్‌మాస్టరుకు మూలము మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండవ శ్రేణి; అంబాసడరుకు మూలము మూడవ శ్రేణి. ఇవి అక్కచెల్లెళ్ళ వంటివి. మధ్య భాగం చూచి వీటిని వేరుచేయుట కష్టము. చూడవలసినది వెనుక భాగము. ల్యాండ్‌మాస్టరు వెనుక మడ్‌గార్డులు గుండ్రముగా జారిపోవును; అంబాసడరుకు అక్కడ చిన్న రెక్కవంటి అంచు పైకి లేచి ఉండును. ఫియట్‌ల విషయంలో తలుపులు చూడవలెను. తొలినాటి ఫియట్ 1100 ముందు తలుపులకు బందులు వెనుకవైపున ఉండెడివి; తరువాతి పద్మినీలలో అవి ముందువైపునకు మారినవి.

అడవి దారుల బండి

బస్తరువంటి అడవి సీమలో తీసిన పాత చిత్రాలలో కారుకన్న జీపే ఎక్కువగా కనిపించుటలో వింత లేదు. “జీపు జీపే కదా” అని చాలమంది అనుకొందురు. ముందు జాలీలోని నిలువు చీలికలను లెక్కపెట్టినచో సంగతి బయటపడును. రెండవ ప్రపంచ యుద్ధంలో వాడిన విల్లీస్, ఫోర్డు సైనిక జీపులకు తొమ్మిది చీలికలుండును. యుద్ధం ముగిసిన పిమ్మట పౌరులకోసం చేసిన విల్లీస్ జీపుకు ఏడే. దాని హెడ్‌లైట్లు కూడ పెద్దవి. 1953లో అమెరికాలో వచ్చి, తరువాత మహీంద్రావారు మన దేశంలో తయారుచేసిన నమూనాకు బానెట్ ఎత్తుగా ఉండును. యుద్ధ కాలపు కథలో ఎత్తు బానెట్ జీపు వచ్చినచో, అది పదేండ్లు ముందుగా వచ్చిన అతిథియే!

నంబరు ప్లేటును నమ్మవచ్చునా? కొంతవరకే. రాష్ట్రానికి రెండక్షరాలు, ఆపై జిల్లా సంఖ్య ఉండే పద్ధతి 1989 జులైలో అమలులోనికి వచ్చినది. జగదల్‌పూర్ సంకేతమైన ‘సి.జి. 17’ గల ప్లేటు, 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడక పూర్వపుది కాజాలదు. అయితే చిత్ర నిర్మాతలకు ప్లేటు మార్చుట నిమిషం పని. బండి పాతదైనను, యజమాని మరొక రాష్ట్రానికి తరలిపోయి కొత్త నంబరు పొంది ఉండవచ్చును. అందుచేత సాక్షులందరిలో ప్లేటు బలహీనమైన సాక్షి.

కాగితాలు లేని కార్లు

ఇదంతా తీరిక వేళల వినోదమని తోచవచ్చును. కాని దీనివెనుక ఒక నష్టమున్నది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో పురమాయించబడి, 1911లో ఆయన మరణించిన తరువాత చేరిన పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ నేడు హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో భద్రముగా ఉన్నది. రాజుల కార్లకు చరిత్ర ఉండును. సామాన్యుని కారుకు ఎవరు చరిత్ర వ్రాసినారు? అంబాసడరు తయారీ 2014లో ఉత్తర్‌పారాలో ఆగిపోయినది. ముంబయిలో చివరి పద్మినీ టాక్సీ 2023 అక్టోబరులో సెలవు తీసుకొన్నది. అంతకుముందే ల్యాండ్‌మాస్టర్లు వేలుగా తుక్కు దుకాణాలకు చేరినవి. అట్టి బండ్లలో కొన్ని నడిచిన తీరు, మలుపు తిరిగిన తీరు మిగిలినది ఆ మూడు క్షణాల దృశ్యాలలోనే.

2021 జులైలో కేంద్ర ప్రభుత్వం పాత బండ్లకు ప్రత్యేక నిబంధనలు తెచ్చినది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్పులకు లోనుకాని సొంత వాహనాలకు ‘వి.ఏ.’ అక్షరాలు గల నంబరు లభించును. అనగా ఆ బండి మొదట ఎట్లుండెనో యజమానికి తెలిసి ఉండవలెను. విడిభాగాలు పదిమార్లు మారిన బండికి అసలు జాలీ ఏది, అసలు దీపమేది అను ప్రశ్న వచ్చినపుడు, పాత తెరబొమ్మ ఒక దారి చూపవచ్చును.

మరల జగదల్‌పూర్ ఇంటికి వత్తము. మనుమడు సెల్‌ఫోనులో ఆ దృశ్యాన్ని వెదకి, కారు మలుపు తిరిగే చోట ఆపినాడు. తాతగారు కళ్ళజోడు సరిచేసికొని చూచినారు. వెనుక మడ్‌గార్డుపై రెక్కవంటి అంచు స్పష్టముగా ఉన్నది.

“అంబాసడరేరా,” అన్నారాయన కొంతసేపటికి. “నా కళ్ళు తమకు అలవాటైన దానినే చూచినవి.”

తరువాత ఆయనే, “వెనక్కి జరుపు, ఆ ఎదురుగా ఆగి ఉన్నది ఏమిటో చూతము,” అన్నారు.