ఉబ్బిన బ్యాటరీ

రిమోటు కారు అనగానే పిల్లల ఆటవస్తువే కదా అనుకొనేవారు మనలో ఎక్కువమంది. తిరునాళ్ళలో కొని రెండు పెన్సిలు సెల్లులు వేస్తే గుడగుడమంటూ పోయే కారు వేరు, ఇక్కడ చెప్పబోయే కారు వేరు. ఇది అసలు కారుకు పదోవంతు కొలతలో ఉంటుంది. స్ప్రింగులు, గేర్లు, డిఫరెన్షియలు అన్నీ ఉంటాయి. మంచి మోటారు బిగిస్తే గంటకు 60 కిలోమీటర్లు దాటి పరుగెత్తుతుంది. ఇంజనీరింగు చదివే మిత్రులలో కొందరికి ఇదొక పిచ్చి. మంచి పిచ్చే ననుకోండి! గేరు నిష్పత్తి అంటే ఏమిటో పుస్తకంలో కంటె ఈ కారును విప్పి బిగించినప్పుడే బాగా బోధపడుతుంది.

మా వీరపునాయునిపల్లె మొదలుకొని ఎర్రగుంట్ల, జమ్మలమడుగు దాకా కొంత నల్లరేగడి, కొంత నాపరాయి. ఇట్లాంటి కారు తోలుకోవడానికి ఇంతకంటె మంచి నేల దొరకదు. అందులోని బ్యాటరీకి ఇంతకంటె చెడ్డ నేలా దొరకదు. కారు నాపరాయి అంచుకు కొట్టుకొని పల్టీకొడితే పైన బాడీ పగిలిన సంగతి అందరూ చూస్తారు. అడుగున బ్యాటరీ మూల సొట్టపోయిన సంగతి ఎవరూ చూడరు. చూసినవాడు కూడా తిరిగి తగిలించి మీట నొక్కుతాడు. కారు కదులుతుంది. "పనిచేస్తాంది గదన్నా, ఎందుకు పారేయాల?" అంటాడు. నేను ఈ వ్యాసం వ్రాయడం ఆ ఒక్క మాట కోసమే.

ఈ బ్యాటరీ పేరు లిథియం పాలిమర్. లిథియం అయాను బ్యాటరీని 1991లో సోనీ కంపెనీ మొదటిసారిగా బజారులోకి తెచ్చింది. దాని వెనుక పరిశోధనకు 2019లో గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. మన పాలిమర్ బ్యాటరీ కూడా ఆ వంశంలోనిదే. పేరును బట్టి లోపలంతా గట్టి ప్లాస్టిక్ పదార్థమే ఉంటుందనుకొంటాము గాని, నేడు మనం కొనే వాటిలో ఉండేది చాలావరకు ద్రవమో, జిగురువంటి ముద్దో మాత్రమే. అసలు తేడా అంతా పైకప్పులో ఉన్నది. తక్కిన రకాలకు గట్టి లోహపు డబ్బా ఉంటుంది. దీనికి ఉండేది అల్యూమినియం రేకుకు ప్లాస్టిక్ పూసి చేసిన మెత్తని సంచి. బిస్కట్టు పొట్లం వంటిదన్నమాట. అందువల్లనే తేలిక, అందువల్లనే దెబ్బకు ఓర్వలేదు.

ఆ సంచిలో ఏముంటుంది? పలుచని రాగిరేకు మీద గ్రాఫైటు పూత ఒక ప్రక్క, అల్యూమినియం రేకు మీద లిథియం కోబాల్టు ఆక్సైడు వంటి పూత మరొక ప్రక్క. రెండింటికీ నడుమ సన్నని రంధ్రాలున్న ప్లాస్టిక్ పొర. పూతరేకుల మాదిరిగా ఈ వరుసలు ఒకదానిపై ఒకటి పేర్చబడి ఉంటాయి. నడుమ పొర మందం సుమారు 20 మైక్రానులు, అనగా మన తల వెంట్రుకలో మూడోవంతో నాలుగోవంతో! ధన, ఋణ ధ్రువాలు రెండూ కలవకుండా కాపలా కాసేది ఆ పొర ఒక్కటే. దాని చుట్టూ ఉన్న ద్రవమేమో మండే గుణం కలిగినది.

ఒక లెక్క చూద్దాం. రెండు సెల్లుల బ్యాటరీ 7.4 వోల్టులు, 5 ఆంపియరు గంటలు అయితే అందులో దాగి ఉన్న శక్తి 37 వాటు గంటలు. అరలీటరుకు కొంచెం తక్కువ నీళ్ళను మరగబెట్టడానికి అది చాలు. చేతిలో పట్టే వస్తువులో ఇంత శక్తి ఉండడమే దాని గొప్ప. మెల్లగా మోటారుకు అందితే కారు పరుగెత్తుతుంది. అదే శక్తి లోపలే ఒక చుక్కంత చోట ఒక్కసారిగా బయటపడితే? పైగా ద్రవమూ, ప్లాస్టిక్కూ మండితే వచ్చే వేడి వేరే లెక్క.

ఇక దెబ్బ తగిలే విధాలు చూద్దాం. రాతికి కొట్టుకోవడం చెప్పుకొన్నాము. మూల వంగినచోట రేకులు నలిగి నడుమ పొరను ఒరుసుకొంటూ ఉంటాయి. ఆ రోజే ఏమీ జరగకపోవచ్చు. ఛార్జి ఎక్కినపుడల్లా గ్రాఫైటు కొద్దిగా ఉబ్బుతుంది, దిగినపుడు తగ్గుతుంది. ఆ ఊపిరిలాంటి కదలికతో నలిగిన చోటు నలుగుతూ పోయి ఎప్పుడో ఒకనాడు పొర తెగుతుంది. ఇది ఊహ కాదు. 2016లో శామ్‌సంగ్ కంపెనీ గెలాక్సీ నోట్ 7 ఫోన్లు కాలిపోతున్నాయని లక్షల సంఖ్యలో వెనక్కి తీసుకొని, చివరకు ఆ ఫోనునే మానివేసింది. 2017 జనవరిలో కారణం బయటపెట్టారు: ఒక రకం బ్యాటరీలలో పై మూలన రేకు వంగి ఉన్నదట. అవీ సంచి బ్యాటరీలే. అంత పెద్ద కంపెనీని ముప్పుతిప్పలు పెట్టిన ఆ వంపు, మన కారు నాపరాయికి తగిలినపుడు పడే సొట్టలో పదోవంతు కూడా ఉండదేమో!

రెండవది కంటికి కనబడని దెబ్బ. ఒక్కొక్క సెల్లు నిండితే 4.2 వోల్టులు, 3 వోల్టులకు దిగువకు పోనివ్వరాదు. ఆట మంచి రసపట్టులో ఉన్నపుడు ఇది ఎవరికి గుర్తుంటుంది? కారు ఆపి, తీగ తీయకుండా మూలన పడేసి సెలవులకు ఊరికి పోయేవారూ ఉన్నారు. సెల్లు వోల్టేజి మరీ అడుగంటితే లోపలి రాగిరేకు కరిగి ద్రవంలో కలుస్తుంది. మళ్ళీ ఛార్జి పెట్టినపుడు ఆ రాగి వచ్చి ఎక్కడపడితే అక్కడ ముళ్ళలా పేరుకొని, నడుమ పొరను పొడిచే అవకాశం ఉన్నది. అందుకే మంచి ఛార్జరు ఇటువంటి బ్యాటరీని తగిలిస్తే ఒప్పుకోదు, తప్పు చూపుతుంది. దానికి మనవాళ్ళు కనిపెట్టిన ఉపాయం, ఛార్జరును నికెలు బ్యాటరీ పద్ధతికి మార్చి కొన్ని నిమిషాలు కరెంటు ఎక్కించి, "చచ్చినదాన్ని లేపడం". లేస్తుంది, నిజమే. కారు కూడా పోతుంది. నా అభిప్రాయంలో ఈ ఆటలో ఇంతకంటె చెడ్డ అలవాటు మరొకటి లేదు. తలారి వద్దన్న దొంగను వెనుక తలుపు తీసి ఇంట్లోకి పిలిచినట్లే.

మూడవది వేడి, అదనపు ఛార్జి. కడప ఎండాకాలం సంగతి నేను చెప్పనక్కరలేదు. బయట 42 డిగ్రీలున్ననాడు మూసిన కారులోనో, రేకులషెడ్డులోనో వదిలిన నిండు బ్యాటరీలో ద్రవం కొద్దికొద్దిగా విచ్ఛిన్నమై వాయువులు పుడతాయి. సంచి కనుక బయటికి పోయే దారి లేదు. ఉబ్బుతుంది. ఉబ్బు రోగం కాదు, రోగ లక్షణం. కొందరు సూదితో గుచ్చి గాలి తీసేస్తే సరిపోతుందనుకొంటారు. ఆ సూది వాయువుతోపాటు పొరలను కూడా గుచ్చుతుందని, లోపలికి తేమ పోతుందని వారికి తోచదు.

కారు బ్యాటరీలకు తరచుగా పైన గట్టి ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. అది రాళ్ళ నుండి కాపాడుతుంది గాని, ఉబ్బును మన కంటబడనివ్వదు. నిన్నటిదాకా గూటిలో సులువుగా దిగిన బ్యాటరీ నేడు బిగుసుకొంటే, డబ్బా అతుకు విచ్చితే, చదునైన గచ్చు మీద పెడితే ఊగితే అనుమానించవలసిందే. గోళ్ళరంగు తుడిచే ద్రవం వంటి తియ్యని ఘాటు వాసన వస్తే ఇక అనుమానం కూడా అక్కరలేదు. ఇవేవీ లేకున్నా, పల్టీకొట్టిన బ్యాటరీని ఛార్జి పెట్టకుండా ఆరుబయట కొన్ని గంటలు ఉంచి చూడాలి. తరువాత వారం రోజులు 3.8 వోల్టుల దగ్గర ఊరికే పెట్టి, ఒక్కొక్క సెల్లును మీటరుతో కొలవాలి. రెండు సెల్లులలో ఒకటి మాత్రమే దిగజారుతూ ఉంటే లోపల ఎక్కడో సన్నగా కారుతున్నదని అర్థం.

పొర తెగిననాడు ఏమవుతుంది? తెగినచోట వేడి పుడుతుంది. సుమారు 90 డిగ్రీలకు గ్రాఫైటు మీది రక్షణపూత విచ్ఛిన్నమై ఇంకా వేడినిస్తుంది. 130 ప్రాంతంలో నడుమ పొరే కరుగుతుంది. 200 దరిదాపులకు వచ్చేసరికి కోబాల్టు ఆక్సైడు తనలోని ప్రాణవాయువును తానే వదులుతుంది. మంటకు కావలసిన కట్టె, నిప్పు, గాలి మూడూ సంచిలోనే సమకూడినాయి. ఒక సెల్లు వేడికి ప్రక్క సెల్లు అందుకొంటుంది. ఇదంతా కొన్ని సెకన్ల పని. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడు వంటి విషవాయువులుంటాయి. మంటకంటె ముందు దానికే భయపడాలి.

స్కూటరు బ్యాటరీ సెల్లుల ఆకారం వేరైనా వంశం ఒకటే. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో రాత్రి ఇంట్లో ఛార్జి పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి 80 ఏళ్ళ వృద్ధుడు మరణించినాడు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో ఛార్జి పెట్టిన బ్యాటరీ ఒక కుటుంబంలోని ఇంటిపెద్దను బలిగొన్నది. రెండు చోట్లా బ్యాటరీ మనుషులు నిద్రించే ఇంటిలోపలే ఉన్నది. మన హాస్టలు గదిని తలచుకోండి. నలుగురు మనుషులు, ఒక్క తలుపు, మంచాల కింద పుస్తకాలు, బట్టలు. అక్కడ రాత్రి పదింటికి ఛార్జి పెట్టి పడుకోవడం ఒక్కరి ప్రాణంతో ఆడే ఆట కాదు.

ఛార్జి పెట్టేది పగలు, వరండాలో, గచ్చు మీద, మనిషి దగ్గరుండగా. బ్యాలెన్సు తీగ తప్పక తగిలించాలి. 5 ఆంపియరు గంటల బ్యాటరీకి 5 ఆంపియర్లకు మించి ఎక్కించనక్కరలేదు. ప్రక్కన ఇసుక బకెట్టు ఒకటి, నీళ్ళ బకెట్టు ఒకటి. "లిథియం మీద నీళ్ళు పోస్తే పేలుతుందని ఇంటర్మీడియట్‌లో చదువుకున్నాం గదా!" అని మీరనవచ్చు. మీరు చదివినది లిథియం లోహం గురించి. ఈ బ్యాటరీలో లిథియం చాలావరకు సమ్మేళనాల రూపంలో ఉంటుంది. చిన్న బ్యాటరీకి నిప్పంటుకొంటే ముందు ప్లగ్గు పీకి, పొగకు దూరంగా నిలిచి, నీళ్ళు ధారాళంగా పోయడం మంచిదే. ఇసుక మంటను పాకనివ్వదు గాని చల్లార్చదు. ఆరినట్లు కనిపించిన బ్యాటరీ గంటల తరువాత మళ్ళీ అంటుకొనడమూ కద్దు. అందువల్ల దానిని లోపలికి తేరాదు.

పాడైనదాన్ని ఏం చేయాలి? ఉప్పునీళ్ళలో వేస్తే చచ్చిపోతుందని ఒక వైద్యం ప్రచారంలో ఉంది. ఉప్పునీరు ముందు బయటి లోహపు కొనలను తినివేస్తుంది; అవి తెగినాక లోపలి ఛార్జి లోపలే ఉండిపోవచ్చు. పగలక, కారక, వేడెక్కక, ఉబ్బు మాత్రమే ఉన్న రెండు సెల్లుల బ్యాటరీకయితే మోటారుసైకిలు ఇండికేటరు బల్బు, 12 వోల్టులు 21 వాట్లది, తగిలించి ఆరుబయట ఇసుక మీద వదిలితే నాలుగైదు గంటలలో వెలుగు తగ్గిపోతుంది. మరునాటిదాకా అట్లాగే ఉంచాలి. ఆ తరువాత దానికి మళ్ళీ ఛార్జి ఎక్కించే ప్రసక్తే లేదు. చిరిగినదాన్ని, వాసన వచ్చేదాన్ని బల్బు జోలికి కూడా పోకుండా ఇసుక నింపిన రేకుడబ్బాలో గోడకు దూరంగా ఉంచాలి.

2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు పాత బ్యాటరీని తిరిగి సేకరించే బాధ్యతను తయారీదారు మీద పెట్టినాయి. ఇంటి చెత్తలో కలపకుండా వేరుగా ఇవ్వడం వాడకందారు వంతు. కొన్న అంగడిలోనే అడగండి. మనం చెత్తబండిలో పడేసిన బ్యాటరీ అక్కడితో ఆగదు. దానిని చేత్తో ఏరేవారున్నారు, పాతసామాన్ల కొట్టులో రాగి కోసం సుత్తితో పగలగొట్టే పిల్లలున్నారు. అది ఏమిటో వారికి తెలియదు. కనుక ఇచ్చేముందు రెండు తీగల కొనలకూ విడివిడిగా టేపు చుట్టి, డబ్బా మీద "పాడైన లిథియం బ్యాటరీ, పగలగొట్టరాదు" అని తెలుగులో పెద్ద అక్షరాలతో వ్రాసి, తీసుకొనే మనిషికి నోటితో కూడా చెప్పండి.