గేమింగ్ ల్యాప్‌టాప్‌లో గేమ్ ఆగి ఆగి నడుస్తోందా? కొత్తది కొనే ముందు ఇవి చెక్ చేయండి!

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో మే నెల వచ్చిందంటే ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. మిద్దె మీది గదుల్లో అయితే రాత్రి పదైనా సెగ తగ్గదు. ఇదే సమయంలో చాలామంది స్టూడెంట్స్‌కు ఒక డౌట్ వస్తుంది. జనవరిలో జోరుగా నడిచిన గేమ్ ఇప్పుడెందుకు తడబడుతోంది? ల్యాప్‌టాప్ పాడైపోయిందా? అమ్మానాన్నలు అప్పో సప్పో చేసి కొనిచ్చిన మెషీన్‌ను మార్చేయాలా? తొందరపడొద్దు. చాలాసార్లు పైసా ఖర్చు లేకుండానే ఇది సెట్ అవుతుంది.

అసలేం జరుగుతుంది?

గేమ్ సాఫీగా కనిపించాలంటే సెకనుకు 60 ఫ్రేములు రావాలనుకుందాం. అంటే ఒక్కో ఫ్రేముకు దొరికే టైమ్ 16.7 మిల్లీసెకన్లే. మధ్యలో ఒక ఫ్రేము 100 మిల్లీసెకన్లు తీసుకున్నా కంటికి కుదుపు తెలిసిపోతుంది. సగటు 60 చూపిస్తున్నా గేమ్ తడబడేది అందుకే.

కారణం ఎలా కనిపెట్టాలి?

1. మొదటి పది, పదిహేను నిమిషాలు బాగా ఆడి, తర్వాత స్లో అయితే: వేడినే అనుమానించాలి. గదిలో పది డిగ్రీలు పెరిగితే లోపలి చిప్ వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. చాలా ప్రాసెసర్లు 95-100 డిగ్రీల దగ్గరికి రాగానే కాలిపోకుండా తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. ఏసీ షోరూంలో దూసుకుపోయిన మోడల్ మన గదిలో నీరసపడటానికి కారణం ఇదే.

2. మొదటి నుంచే స్లోగా ఉంటే: ఛార్జర్ చూడండి. బ్యాటరీ మీద గేమింగ్ ల్యాప్‌టాప్ పూర్తి పవర్ వాడదు. కరెంటు పోయిన క్షణం నుంచే గేమ్ తడబడితే అది రిపేరు కాదు. ఫోన్ టైప్-సీ ఛార్జర్ కూడా సరిపోదు, కంపెనీ ఇచ్చిన ఛార్జరే పెట్టాలి.

3. ఛార్జర్ సరిగ్గా ఉన్నా స్లో అయితే: గేమ్ చిన్న గ్రాఫిక్స్ చిప్ మీద నడుస్తోందేమో చూడండి. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి ఆ గేమ్‌కు 'హై పెర్ఫార్మెన్స్' ఎంచుకోండి.

4. ఉన్నట్టుండి క్షణం ఆగి, మళ్లీ నడిస్తే: కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ నిండిపోయి కనిపిస్తే బ్రౌజర్ ట్యాబ్‌లు, అప్‌డేట్లు ఆపండి. 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉండి, రెండో స్లాట్ ఖాళీగా ఉంటే అలాంటిదే మరొకటి వేయించండి. కొత్త ల్యాప్‌టాప్ కన్నా అది చాలా చవక.

5. బొమ్మ సాఫీగా ఉండి, ఎదుటి ప్లేయర్లు మాత్రం ఎగిరెగిరి కనిపిస్తే: తప్పు ఇంటర్నెట్‌ది. వైఫై బదులు కేబుల్ పెట్టి చూడండి.

వేడి తగ్గించేదెలా?

పరుపు మీద, దిండు మీద పెట్టి ఆడొద్దు. గాలి లోపలికి వెళ్లేది అడుగు నుంచే. టేబుల్ మీద పెట్టి, వెనక వైపు రెండు పుస్తకాలు ఎత్తుగా ఉంచండి, గాలి రంధ్రాలు మాత్రం మూసుకుపోకూడదు. గేమ్ సెట్టింగ్స్‌లో ఫ్రేములను 60కి పరిమితం చేయండి. చిప్‌కు పని తగ్గుతుంది, కుదుపులూ తగ్గుతాయి. షాడోస్ 'మీడియం'లో పెట్టినా తేడా తెలుస్తుంది.

దుమ్ము పేరుకుంటే ఫ్యాన్ ఎంత తిరిగినా లాభం లేదు. క్లీన్ చేసేటప్పుడు ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, ఫ్యాన్ రెక్క తిరగకుండా పట్టుకుని గాలి కొట్టాలి. మూత విప్పే ముందు వారంటీ నిబంధనలు చదవండి. రెండు మూడేళ్లు వాడిన మెషీన్ అయితే థర్మల్ పేస్ట్ మార్పించడం మంచిది. అది తెలిసిన మెకానిక్‌తోనే చేయించాలి.

ఇవన్నీ చేసినా మారకపోతే అప్పుడు సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. ఎన్ని నిమిషాలకు స్లో అవుతోంది, అప్పుడు ఎన్ని డిగ్రీలు చూపిస్తోంది, ఛార్జర్ పెట్టి ఉందా అన్నవి రాసుకుని వెళ్లండి. ఆ మూడు చెబితే అనవసరమైన పార్టులు మార్చి బిల్లు వేసే అవకాశం తగ్గుతుంది.