ఊరు పోయినా చిత్రం మిగిలింది

సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోయే దారిలో, పులికాటు సరస్సున శీతకాలమందు దూరదేశపు పక్షులు వాలుతవి. ఋతువు మారగానే తిరిగి పోతవి. పక్షికి తిరుగుదారి ఉన్నది. మనిషికో, ఒక్కొక్కప్పుడు ఆ దారి మూసుకొనిపోతుంది. అట్టివాడు చిత్రకారుడైతే ఏమి చేస్తాడు?

దక్షిణాఫ్రికావాడైన జెరార్డ్ సెకోటో జీవితమే ఇందుకు సమాధానం. 1913లో జన్మించిన ఆయన తొలుత బడిపంతులు. చిత్రకళ మీది మక్కువతో కొలువు మాని, జోహనెస్‌బర్గు చేరి, నల్లవారు నివసించే సోఫియాటౌన్ పేటను చిత్రించినాడు. పసుపుపచ్చని ఇండ్లుగల ఒక వీధి చిత్రాన్ని 1940లో ఆ నగరపు చిత్రశాల కొన్నది. నల్లజాతి చిత్రకారుని కృతి ఆ శాలలో చేరడం అదే మొదలు.

1947లో ఆయన పారిస్ వెళ్ళినాడు. మరుసటి యేడే స్వదేశంలో వర్ణవివక్ష రాజ్యనీతి అయినది. పరాయి నగరంలో పియానో వాయించి పొట్టపోసుకొంటూ, విడిచివచ్చిన వీధులను, మనుషులను జ్ఞాపకం నుండి చిత్రించినాడు. 1955లో ప్రభుత్వం సోఫియాటౌన్ వాసులను బలవంతంగా తరలించి, ఇండ్లు కూల్చడం మొదలుపెట్టినది. 1993లో ఫ్రాన్సులోనే ఆయన కన్నుమూసినాడు. మాతృదేశాన్ని మరల చూడలేదు. పేట నేలమట్టమైనది గాని, పసుపు ఇండ్లు పటంలో నిలిచే ఉన్నవి.

అదే పారిస్‌లో మన చిత్తూరు సీమవాడొకడు ఏండ్ల తరబడి కృషి చేసినాడు. ఆయన నందనూరులో 1925లో పుట్టి, శాంతినికేతనంలో చదివిన కృష్ణారెడ్డి. చిక్కదనం వేరువేరైన సిరాలతో, ఒకే లోహపు పలక నుండి ఒక్క అచ్చులో పలు వర్ణాలు తెచ్చే పద్ధతిని రూపొందించినవారిలో ఆయన ఒకడు. 1972లో పద్మశ్రీ పొంది, 2018లో న్యూయార్కులో మరణించినాడు. ఇద్దరూ ప్రవాసులే. కాని, కృష్ణారెడ్డికి స్వదేశపు తలుపు తెరిచియే ఉన్నది. సెకోటోకు అట్లు లేదు. ఈ భేదాన్ని మనం మరువరాదు.

ఇల్లు వదలడానికి కడలి దాటనక్కరలేదు. 1969లో రాకెట్టు కేంద్రానికి శ్రీహరికోటను ఎన్నుకొన్నారు; 1971 అక్టోబరు 9న తొలి రాకెట్టు ఎగిరినది. అది దేశానికి గర్వకారణమే. అయితే అందుకై దీవిలోని పల్లెలు ఖాళీ అయినవి. ఆ ఊళ్లను ఎరిగిన వృద్ధులు ఏటేటా తరిగిపోతున్నారు.

ఉపాధ్యాయ మిత్రులారా! ఈసారి చిత్రలేఖనపు గంటలో కొబ్బరిచెట్టూ కొండా వద్దు. అవ్వతాతలను అడిగి, వారు విడిచివచ్చిన ఊరిని గీసి తెమ్మని పిల్లలతో చెప్పండి. బావి ఎక్కడ, గుడి ఎక్కడ, వలలు ఆరిన తావు ఎక్కడ? గీత వంకరపోతే పోనీయండి. అడిగేవారు లేకనే ఊరు రెండవసారి పోతుంది.