పండుగకు వచ్చిన ఆడపడుచు, పుట్టింట్లో ఆమె వాటా

హిజ్రీ సంవత్సరం సౌరమానం కన్నా సుమారు 11 రోజులు చిన్నది. అందువల్ల మన పండుగలు ఏటేటా ముందుకు జరుగుతూ, దాదాపు 33 ఏళ్ళకు ఒకసారి ఋతువులన్నింటినీ చుట్టి వస్తాయి. 1985, 1986 సంవత్సరాల్లో రమజాన్ మాసం మే, జూన్ నెలల్లో వచ్చింది. 2018, 2019లో మళ్ళీ అవే నెలల్లో వచ్చింది. మొదటిసారి అమ్మ చేయి పట్టుకొని వేసవి సెలవులకు నానీ ఇంటికి వెళ్ళిన పిల్లలే, రెండోసారి తమ పిల్లలను వెంటబెట్టుకొని అదే ఊరికి వెళ్ళారు. ఈ రెండింటి నడుమ చాలా ఇళ్ళలో నానా, నానీ కాలం చేశారు. ఇల్లు మాత్రం మిగిలింది.

కడప వంటి రాయలసీమ పట్టణాల్లో బాల్యం గడిపిన మాకు ఆ ఇంటి గుర్తులు నేటికీ చెరిగిపోలేదు. మధ్యాహ్నపు ఎండకు తలుపులు మూసి, గచ్చు మీద నీళ్ళు చల్లి, పిల్లలమంతా వరుసగా పడుకునేవాళ్ళం. అస్ర్ నమాజు కాగానే మస్జిదు నుంచి గంజి తెచ్చేందుకు గిన్నెలతో పరుగెత్తేవాళ్ళం. నెలవంక కోసం మిద్దె ఎక్కేవాళ్ళం. కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన మామూ పెట్టె తెరుస్తుంటే చుట్టూ చేరేవాళ్ళం. రాత్రంతా ఖాలాలు గోరింటాకు పెడుతూ, సేమియా వేయిస్తూ, తమ చిన్ననాటి ముచ్చట్లు చెప్పుకొని నవ్వుకునేవారు. ఆ నాలుగు రోజులూ మా అమ్మలు తల్లులుగా కాక, ఆ ఇంటి కూతుళ్ళుగా మాకు కనిపించేవారు.

ఇన్ని జ్ఞాపకాలున్న ఆ ఇంట్లో ఆడపడుచుల స్థానం ఏమిటి? వారు అతిథులా, హక్కుదారులా? పండుగనాడు అన్నదమ్ములు చీర పెడతారు, పిల్లల చేతుల్లో ఈదీ ఉంచుతారు, ప్రేమగా భోజనం వడ్డిస్తారు. ఇవన్నీ మెచ్చదగినవే. అయితే తల్లిదండ్రులు కన్నుమూసి ఏళ్ళు గడిచినా ఆ ఇంట్లో ఆమె వాటా గురించిన మాట మాత్రం ఎవరి నోటా రాదు. ఎప్పుడైనా వచ్చిందంటే, సెలవులకు వచ్చిన ఆమెను సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి తీసుకువెళ్ళి హక్కు విడుదల పత్రం మీద సంతకం చేయించడానికే.

ఆమె సంతకం చేస్తుంది. ఎందుకు చేస్తుందో మన ఇళ్ళలోని స్త్రీలకు బాగా తెలుసు. అడిగితే పుట్టింటి వాకిలి మూసుకుపోతుందన్న భయం. రేపు కష్టమొస్తే వెనుక నిలిచేవారు ఉండరన్న దిగులు. అంటే పుట్టింటి రాకపోకలకు ఆమె తన హక్కునే వెలగా చెల్లిస్తోంది. దీనికి మనం ‘మాఫ్ చేసింది’ అని పేరు పెట్టుకున్నాం.

దివ్యఖుర్ఆన్ ఈ విషయాన్ని మన ఇష్టానికి వదలలేదు. తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు విడిచిన ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా అందులో పురుషులకు ఉన్నట్లే స్త్రీలకూ నిర్ణీత భాగం ఉందని అన్నిసా సూరా 7వ ఆయతు ప్రకటించింది. 11, 12 ఆయతులు ఆ భాగాలను వివరించాయి. తర్వాతి రెండు ఆయతులు వీటిని అల్లాహ్ నిర్ణయించిన హద్దులని పేర్కొని, అతిక్రమించేవారిని నరకాగ్ని గురించి హెచ్చరించాయి.

ఉహుద్ యుద్ధంలో అమరులైన సఅద్ బిన్ రబీ (రజి) గారి భార్య తన ఇద్దరు కుమార్తెలను వెంటబెట్టుకొని దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చారు. పిల్లల పినతండ్రి ఆస్తి మొత్తం తీసుకున్నాడని మొరపెట్టుకున్నారు. వారసత్వ ఆయతు అవతరించిన పిమ్మట ప్రవక్త (స) ఆ పినతండ్రిని పిలిపించి, కుమార్తెలకు మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదో వంతు ఇమ్మని, మిగిలినది తీసుకొమ్మని ఆదేశించారు. హక్కు అడగడం ఆడవారికి తగదని ఆ తల్లితో ఎవరూ అనలేదు.

లెక్క కూడా కష్టమైనది కాదు. మరణించిన వ్యక్తికి భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారనుకుందాం. తల్లిదండ్రులు అంతకు ముందే గతించారు. అంత్యక్రియల ఖర్చు, చెల్లించని మహర్‌తో సహా అప్పులు, మూడో వంతుకు మించని వసీయతు తీరిన తర్వాత 48 లక్షల విలువగల ఇల్లు మిగిలింది. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 6 లక్షలు. మిగిలిన 42 లక్షల్లో కొడుకుకు 14 లక్షల చొప్పున, కూతురుకు 7 లక్షల చొప్పున వస్తుంది.

‘పెళ్ళికి బోలెడు ఖర్చు పెట్టాం కదా’ అని కొందరంటారు. తండ్రి జీవించి ఉండగా కూతురికి ఇచ్చినది కానుక. ఆయన మరణంతో సంక్రమించేది వాటా. మొదటిది రెండోదాన్ని రద్దు చేయదు. ‘అమ్మానాన్నలను మేమే చూసుకున్నాం’ అంటారు మరికొందరు. ఆ సేవకు ప్రతిఫలం అల్లాహ్ వద్ద ఉంది. దానిని చెల్లెలి భాగం నుంచి మినహాయించుకునే వీలు లేదు.

‘వాటా ఇస్తే ఇల్లు ముక్కలవుతుంది’ అన్న భయం మాత్రం అర్థం చేసుకోదగినదే. అయితే ఇల్లు అమ్మకుండానే ఆ హక్కు తీర్చవచ్చు. విలువ కట్టించి ఆమె వాటాకు సరిపడా డబ్బు ఇవ్వవచ్చు. ఒకేసారి సాధ్యం కాకపోతే, ఆమె సమ్మతితో గడువులు పెట్టుకొని సాక్షుల ఎదుట రాసుకోవచ్చు. అద్దె వస్తుంటే అందులో ఆమె భాగం నెలనెలా పంపవచ్చు. ఆమె మనస్ఫూర్తిగా వదులుకోవాలనుకుంటే, ముందు ఆమె వాటాను ఆమె చేతికి అప్పగించాలి. చేతికి వచ్చిన తర్వాత తిరిగి ఇస్తేనే అది కానుక అని నిశ్చింతగా చెప్పగలం.

బంధుత్వాన్ని తెంచేవాడు స్వర్గంలో ప్రవేశించడని ప్రవక్త (స) హెచ్చరించారు. జానెడు నేలనైనా అన్యాయంగా ఆక్రమించినవాడి మెడకు ప్రళయదినాన ఏడు భూముల బరువు చుట్టబడుతుందనీ తెలిపారు. పండుగకు పిలిచి బంధుత్వాన్ని నిలుపుకుంటూనే, ఆ ఇంటి గోడల మధ్యే ఆమె జానెడు నేలను అట్టిపెట్టుకోవడం ఎంత విచిత్రం!

ఈసారి సెలవులకు అందరూ ఒకచోట చేరినప్పుడు, దస్తావేజులు బయటికి తీసే పని పెద్దన్నయ్యే మొదలుపెట్టాలి. అడగవలసిన అవస్థ చెల్లెలికి రాకూడదు. అబ్బా మరణించి ఎన్నేళ్ళయినా ఆ హక్కు కాలం చెల్లిపోదు. తన వాటా అందుకున్న ఆడపడుచు కూడా మర్నాడు అదే ఇంటికి సేమియా తినడానికి వస్తుంది. ఈసారి ఏ భయమూ లేకుండా వస్తుంది. మన ఇళ్ళకు ఆ న్యాయాన్నీ, ఆ ఆప్యాయతనూ అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.