మామిడిపండును నిలువసరకుగా జేయు రైతులకు ప్రభుత్వ సహాయము

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ప్రాంతముల మామిడిరైతులు పంట నమ్ముకొను విధములు ముఖ్యముగా రెండు. పూత సమయముననో పిందె సమయముననో తోటను వర్తకునకు గుత్తకిచ్చి బయానా పుచ్చుకొనుట యొకటి. కాయ కోయించి నున్న మార్కెట్టునకు దోలి నాటి ధరకు వదలుకొనుట రెండవది. గుత్తవలన గాలివాన భయము కొంత తీరును గాని, కాపు బాగుగానున్న యేట లాభము వర్తకుని పాలగును. మార్కెట్టునకు దోలిన రైతు ఆ లాభమును దక్కించుకొనవచ్చును. అయితే ఏప్రిలు, మే నెలలలో తోటలన్నియు నొక్కసారిగా కోతకు వచ్చుటచే ధర పడిపోవును. కోసిన కాయ వేచియుండదు. ధర నచ్చలేదని బండిని వెనుకకు మరలించుకొనివచ్చిన రైతు అరుదు.

ఈ చిక్కు నూజివీడునకే ప్రత్యేకము గాదు. 2025లో చిత్తూరు ప్రాంతమున తోతాపురికాయ ధర కూలిపోగా, గుజ్జు కర్మాగారములవారు కిలోకు 8 రూపాయలును, ప్రభుత్వము 4 రూపాయలును ఇచ్చి రైతునకు 12 రూపాయలు ముట్టజెప్పవలెనని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నిర్ణయించినది. ఆపత్కాలమున నది మేలే. కాని కొనువాడు కర్మాగారమువాడే యైనపుడు రైతు వాని గుమ్మమువద్ద వరుసలో నిలువక తప్పదు. అదియుగాక ఆ మద్దతు గుజ్జునకు బోవు తోతాపురికే. దీనినే కృష్ణాప్రాంతమున కలెక్టరుకాయ యందురు. నూజివీడునకు పేరు దెచ్చిన చిన్నరసము, పెద్దరసములకు రసము మెండు. బంగినపల్లివలె దూరప్రయాణమునకు తాళవు. అట్టి పండులో కొంతభాగమును గ్రామమందే తాండ్రగా మార్చుటయు, రాలిన పచ్చికాయను ఒరుగులుగా నెండబెట్టుటయు తగిన యుపాయములు.

పూర్వము ప్రభుత్వ సహాయ మనగా భూమికే గాని పండిన వస్తువునకు గాదు. 1883, 1884 సంవత్సరముల చట్టముల ననుసరించి యిచ్చిన తక్కావి యప్పులు నూతులకు, విత్తనములకు, పశువులకు నుద్దేశింపబడినవి. తోట దాటిన పండు సంగతి వర్తకునకే విడువబడెను. 2020లో కేంద్రప్రభుత్వ మారంభించిన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహారపరిశ్రమల పథకము ఈ లోటును కొంత పూరింప జూచినది. దాని నిబంధనల ప్రకారము తాండ్ర, పచ్చళ్లు మొదలగువానిని చేయు చిన్న పరిశ్రమకు పెట్టుబడిలో నూటికి 35 వంతులు, 10 లక్షల రూపాయలకు మించకుండ, సహాయధనముగా నేర్పరుపబడినది. యజమాని తనవంతుగా నూటికి 10కి తక్కువగాకుండ పెట్టవలెను. తక్కినది బ్యాంకు అప్పు.

రైతులు పొరపడు స్థల మిదియే. 6 లక్షల రూపాయల ఖర్చుతో రసము తీయు యంత్రమును, ఆరబెట్టు గదియు నేర్పరచుకొన దలచిన రైతును దీసికొందము. అతడు చేతినుండి 60,000 పెట్టి, బ్యాంకువద్ద 5,40,000 అప్పు తీసికొనవలెను. 2,10,000 రూపాయల సహాయధనము అతని చేతికి రాదు. అది బ్యాంకులోనే వేరు ఖాతాలో నిలిచియుండి, అప్పు చివరివాయిదా చేతికందిన నాటినుండి మూడేండ్లు కిస్తీలు తప్పక చెల్లించుచు వచ్చినపుడే యప్పులో కొట్టివేయబడును. ప్రభుత్వసొమ్ము రాగానే తీర్చవచ్చునని వర్తకునివద్ద హెచ్చువడ్డీకి బదులు తెచ్చి యంత్రములు కొన్న రైతు, మరుసటియేడు తోటను అదే వర్తకునకు అతడు చెప్పిన గుత్తకే యియ్యవలసివచ్చును. కిస్తీ కట్టగల శక్తి యెంతయో ముందు లెక్కించుకొని పిమ్మటనే అప్పుమొత్తమును నిర్ణయించుకొనవలెను.

తాండ్రపని తేలికగా గన్పట్టును గాని ఓర్పుతో గూడినది. పండిన రసమును వడగట్టి, బెల్లమో పంచదారయో కలిపి చాపలపై పలుచగా పూసి, ఆరినపిమ్మట మరియొక పూత పూయుచు ఎన్నో దినములు ఎండలో సాగింపవలెను. నడుమ నొక్క వాన కురిసిన చాప చాపంతయు బూజుపట్టును. ఈగలు, దుమ్ము చేరిన సరకును పట్టణపు అంగడివాడు కొనడు. కావున సహాయధనముతో మొదట సమకూర్చుకొనవలసినది పెద్ద యంత్రము గాదు. సూర్యతాపముచే లోపలనే ఆరబెట్టు మూతగల అర. పండ్లను మాగవేయుటకు కార్బైడు వాడుట చట్టవిరుద్ధము. అట్లు మాగిన పండ్లతో తాండ్ర పోయరాదు.

ఒంటరిగా నింత భారము మోయలేని రైతులు కూడి చేయుట మేలు. అదే పథకమున స్వయంసహాయక సంఘపు సభ్యురాండ్రకు తలకు 40,000 రూపాయలవరకు మూలధనమును, సంఘములు ఉమ్మడిగా నేర్పరచుకొను వసతులకు నూటికి 35 వంతులును, పేరు ముద్రించి విక్రయించుటకగు ఖర్చులో సగమును నిర్ణయింపబడినవి. 2020లోనే యారంభమైన రైతు ఉత్పత్తిదారుల సంఘముల పథకములో, సభ్యుడు పెట్టిన వాటాకు సమానముగా 2,000 రూపాయలవరకు ప్రభుత్వము కలుపునట్లు ఏర్పాటు గావింపబడెను. మైదాన ప్రాంతమున నట్టి సంఘమునకు 300 మంది సభ్యు లవసరము.

సంఘబలమునకు నిదర్శనము గోదావరితీరమున గలదు. బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళికగుర్తింపు లభించినపుడు దానిని బొందినది ప్రభుత్వ ఉద్యానశాఖ. 2023లో ఆత్రేయపురము పూతరేకులకు అదే గుర్తింపును సంపాదించినవారు తయారీదారుల సంఘమువారే. ఇండ్లలో చేతితో రేకు తీయు వస్తువున కది దక్కినది.

దరఖాస్తునకు ఆధారుకార్డు, బ్యాంకుపుస్తకము, యంత్రముల ధరలు తెలుపు కొటేషను సిద్ధముగా నుంచుకొనవలెను. ఆహారభద్రత చట్టము క్రింద నమోదు లేనిదే తాండ్రగాని పచ్చడిగాని విక్రయింపరాదు. 2022లో జిల్లాలు విభజింపబడినపుడు నూజివీడు ఏలూరు జిల్లాకును, మైలవరము, తిరువూరు ఎన్.టి.ఆర్. జిల్లాకును చేరినవి, రెండువైపుల తోటలు గలవారు పరిశ్రమ నెచట స్థాపింతురో ఆ జిల్లా కచేరీనే యాశ్రయింపవలెను. సూక్ష్మ ఆహారపరిశ్రమల పథకము మొదట 2024-25 వరకే యుద్దేశింపబడి, పిమ్మట 2025-26 వరకు పొడిగింపబడినది గనుక, అమలులోనున్న నిబంధనలను ఉద్యానశాఖ కచేరీలో విచారించి తెలిసికొనిన పిదపనే యంత్రములకు బయానా యియ్యవలెను. పూత రాకమునుపే, అనగా కార్తీక, మార్గశిర మాసములలో, ఈ పనికి బూనుకొనిన రైతునకు కోతనాటికి అర సిద్ధమగును.